మైకు సెట్టు వాడు మిల్వాకీ వెళ్తే

“శనివారం బ్యాండ్లు చూసొద్దాం, వస్తారా మావయ్యగారూ?” అని మా అల్లుడుగారు అడిగితే “పెళ్లెవరిది?” అన్నాను. నాకు తెలిసిన బ్యాండు అదే మరి. ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు కుచ్చులు, క్లారినెట్టు, నెత్తిన లైట్లు మోసే కుర్రాళ్లు. ఆయన నవ్వాపుకుని, ఇక్కడ అమెరికాలో బ్యాండంటే నలుగురైదుగురు కలిసి సొంతంగా పాటలు కట్టి పాడుకునే జట్టు అని, మిల్వాకీలో సరస్సు ఒడ్డున వేసవిలో అలాంటి జట్లు పొద్దస్తమానం పాడతాయని చెప్పారు. “సౌండు సిస్టం మాత్రం చూడాల్సిందేనండీ” అని చివర్లో ఒక మాట వేశారు. ఆ మాటకే లేచాను.

నాది తణుకు. ముప్పై రెండేళ్లు మైకు సెట్టు అద్దెకిచ్చిన వాణ్ణి. రెండు అహూజా యాంప్లిఫయర్లు, ఆరు గొట్టం మైకులు, ఒక రికార్డు ప్లేయరుతో మొదలుపెట్టాను. శ్రీరామనవమి పందిళ్లు, చవితి పందిళ్లు, బుర్రకథలు, పెళ్లిళ్లు, ఎలక్షన్ ఆటోలు, అన్నీ చేశాను. కొబ్బరిచెట్టెక్కి గొట్టం కట్టి దిగుతూ “హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ” అని అరిచిన అరుపులు కలిపితే ఒక హరికథ అంత అవుతుంది. ఆ గొట్టాల పుణ్యమే నా ఎడం చెవి. సన్నటి శబ్దాలు దానికి అందవు, రాత్రిపూట సీ అని ఒకటే మోత. ఇప్పుడు షాపు మా తమ్ముడి కొడుకు చూసుకుంటున్నాడు. వాడివన్నీ పెద్ద పెద్ద బాక్సులు.

అమ్మాయి పురుటికని వచ్చాం. మా ఆవిడకి పసివాడితో చేతినిండా పని. నాకు పెవాకీ అనే ఊళ్లో గుడి, ఇంట్లో టీవీ. అల్లుడుగారికీ నాకూ మాటలు తక్కువ. “భోంచేశారా”, “చేశానండి”, “చలిగా ఉందా”, “లేదండి”, ఇంతే. రోజంతా ఇద్దరం ఏం మాట్లాడుకుంటాం అని కొంచెం టెన్షనే.

మా ఆవిడ పులిహోర కట్టిచ్చింది. బయటి తిండి లోపలికి పట్టుకెళ్లకూడదని అల్లుడుగారు దారిలో చెప్పారు. కారు పార్కు చేసి, పన్నెండు గంటల ఎండలో, కారు వెనక డోరు ఎత్తి ఆ నీడలో నిలబడి ఇద్దరం పులిహోర తినేశాం. అటూ ఇటూ వెళ్లేవాళ్లు చూస్తూనే ఉన్నారు. చూడనివ్వండి.

అక్కణ్ణుంచి ట్రామెక్కాం. హాప్ అంటారు దాన్ని. టికెట్టు లేదు, 2018 నుంచీ ఉచితంగానే తిప్పుతున్నారట. దిగి కాస్త నడిస్తే గేటు. గేటుకన్నా ముందు సరస్సు కనపడింది. సరస్సంటే మనకు కొల్లేరు గుర్తుకొస్తుంది. మిషిగన్ సరస్సుకి అవతలి ఒడ్డు కనపడదు, సముద్రంలా కెరటాలు కొడుతుంటే మంచినీళ్లంటే ఎవరు నమ్ముతారు? ఊళ్లో ఉక్కపోస్తుంటే ఒడ్డున మాత్రం చల్లటి గాలి. ఆ గాలి సంగతి తర్వాత చెప్తాను, అది నాకు పనికొచ్చిన గాలి.

ఈ పండగ పేరు సమ్మర్‌ఫెస్ట్. హెన్రీ మేయర్ అని ఈ ఊరికి 28 ఏళ్లు మేయరుగా చేసినాయన, జర్మనీలో మ్యూనిక్ వెళ్లి అక్కడి అక్టోబర్‌ఫెస్ట్ జాతర చూసి, మనకీ ఇలాంటిదొకటి ఉండాలనుకున్నాడట. 1968లో మొదలైంది. తొలి రెండేళ్లు ఊళ్లో అక్కడక్కడా జరిపి, 1970లో ఈ ఒడ్డుకు తెచ్చారు. అంతకుముందు ఇక్కడ సైన్యం వాళ్ల నైకీ క్షిపణుల స్థావరం ఉండేదట. క్షిపణులు తీసేసిన చోట స్పీకర్లు పెట్టారు. ఇప్పుడు జూన్, జూలైల్లో మూడు వారాలు, వారానికి మూడు రోజులు, గురు శుక్ర శనివారాలు, మధ్యాహ్నం పన్నెండు నుంచి అర్ధరాత్రి పన్నెండు దాకా. ప్రపంచంలో ఇంత పెద్ద సంగీత పండగ లేదని 1999లో గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. ఇరవై మూడు వేల మంది పట్టే పెద్ద రంగస్థలం ఒకటుంది, దానికి టికెట్టు వేరే, మేం కొనలేదు. మిగతా వేదికలన్నిటికీ గేటు టికెట్టే చాలు, ఎక్కడికైనా పోవచ్చు, ఎప్పుడైనా లేచి రావచ్చు. ప్రతి వేదికకీ ఒక కంపెనీ పేరు. ఒకదానికి జెనరాక్ అని జనరేటర్ల కంపెనీ పేరు పెట్టారు. జనరేటరు వాడి పేరు స్టేజీ మీద రాయడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడ్డం. మన దగ్గర జనరేటరు వాణ్ణి అన్నానికి కూడా ఆఖరి బంతిలో పిలుస్తారు.

మొదట చూసిన జట్టు పిల్లలు. పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు. బెంచీలన్నీ ఖాళీ. ముందు వరసలో వాళ్ల అమ్మానాన్నల్లా ఉన్నవాళ్లు పదిమంది ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. పాట ఎలా ఉందో నాకు తెలియలేదు. నేను పైకి చూస్తున్నాను. వేదికకి రెండు పక్కలా బాక్సులు ఒకదాని కింద ఒకటి గొలుసులా వేలాడదీశారు. పైవి నిటారుగా, కిందికి వచ్చేకొద్దీ లోపలికి వంగుతూ, అచ్చం అరటిగెల. పై బాక్సులు దూరంగా ఉన్న బెంచీలకు, మధ్యవి మధ్యవాళ్లకు, అడుగువి ముక్కు కిందికి వేసి ముందు వరసకు. నేను ముందు వరసలో కూర్చున్నాను, మధ్యకు వెళ్లాను, ఆఖరి బెంచీ ఎక్కాను. గొంతు దాదాపు ఒకేలా వినపడింది. మన పందిట్లో ఏం చేస్తాం? బాక్సులు బల్ల మీద ఎత్తి జనం మొహాన పెడతాం. ముందు వరస ముసలాళ్లు చెవులు మూసుకుంటారు, వెనకవాళ్లు “సౌండ్ పెంచవయ్యా” అని అరుస్తారు. పెంచుతాం. ముందు వరస లేచిపోతుంది. ముప్పై రెండేళ్లు ఇదే తగువు. పెంచాల్సింది సౌండు కాదు, తిప్పాల్సింది బాక్సు మొహం అని ఎవరూ చెప్పలేదు. నాకూ తోచలేదు.

వేదికకు ఎదురుగా, జనం మధ్యలో, చిన్న గుడారంలో సౌండు చూసేవాళ్లు ఉంటారు. అక్కడ నిలబడ్డది ఒక అమ్మాయి. నిక్కరు, నల్ల బనీను, నడుముకు టార్చిలైటు. ముందున్న సౌండు పెంచి దించే బోర్డు మీద వేళ్లు పెట్టి, కళ్లు మాత్రం వేదిక మీదే. నేను ఆ గుడారం కంచె పక్కన నిలబడిపోయాను. అల్లుడుగారు కాసేపు చూసి, అటూ ఇటూ కదిలారు. పక్కనే బీరు దుకాణం. ఈ ఊరు బీరుకు పేరుమోసింది. నేనుండగా ఆయన తాగరు, నేను వెళ్లమంటే గానీ వెళ్లరు. “నేను ఇక్కడే ఉంటానండి, మీరు అలా తిరిగి రండి” అన్నాను. అరగంట తర్వాత బబుల్‌గమ్ నములుతూ వచ్చారు, నాకు నిమ్మకాయ షోడాలాంటిదొకటి పట్టుకుని. ఆ తర్వాత మాటలు కాస్త కలిశాయి.

రెండో జట్టు వచ్చే లోపల జరిగిన పని నాకు పాటకన్నా నచ్చింది. రాబోయే వాళ్ల డ్రమ్ములు వెనక చక్రాల బల్ల మీద ముందే బిగించి పెట్టుకుని ఉన్నారు. ముందువాళ్లది పక్కకు తోశారు, ఇది ముందుకు తోశారు. ప్రతి వైరుకీ రంగు టేపు. ఒకడు డ్రమ్ము మీద డమ్ డమ్ అని ఒక్కటే కొడుతుంటాడు, ఆ అమ్మాయి చెయ్యెత్తుతుంది, తర్వాతదానికి వెళ్తాడు. “హలో హలో” లేదు, “సార్ వినపడుతోందా” లేదు. పావుగంట దాటి నాలుగైదు నిమిషాలు పట్టిందేమో, పాట మొదలైపోయింది. ఇలాగే ఎవరికి ఎంత పెట్టాలో బోర్డులో ముందే దాచుకుంటారని, పేరు నొక్కితే అన్నీ వాటి చోట్లకి వెళ్తాయని అల్లుడుగారు చెప్పారు. మేం అట్టముక్క మీద పెన్సిలుతో గీసుకునేవాళ్లం, బుర్రకథకి ఇంత, భజనకి ఇంత అని.

ఇక్కడ నేనొక పందెం వేసుకున్నాను, నాతో నేనే. మైకు ఎన్నిసార్లు కుయ్యిమని కూత పెడుతుందో లెక్కపెట్టాలని. కూత పెట్టని మైకు ఉండదని నా నమ్మకం. మూడు జట్లయ్యాయి, సున్నా.

మూడోది బ్లూస్ జట్టు, అమెరికా నల్లజాతి వాళ్ల పాటల తీరు అది. నల్లజాతి పెద్దాయన, నా వయసే ఉంటుంది, టోపీ, కుర్చీలో కూర్చుని గిటారు. ఆయన పాట నాకు అర్థం కాలేదు గానీ ఆయన ఆగే చోట్లు అర్థమయ్యాయి. ఒక మాట అని ఆగుతాడు, గిటారు జవాబు చెప్తుంది. ముందు కథకుడు అనడం, పక్కనున్న వంత “తందానా” అనడం ఎరిగినవాడికి అది కొత్తేం కాదు. ఆయన గొంతు తగ్గించినప్పుడు ఆ అమ్మాయి మిగతా వాయిద్యాలన్నీ ఒక్క వేలితో కిందికి దింపింది. ఎవరికీ తెలియలేదు. నాకు తెలిసింది. నేను చప్పట్లు కొట్టింది ఆవిడకే.

నాలుగున్నరకి మబ్బు పట్టింది. అప్పటిదాకా నీలంగా ఉన్న సరస్సు ఒక్కసారి బూడిద రంగుకి మారింది. ఉరుములొస్తున్నాయి, అందరూ కప్పున్న చోటికి వెళ్లండని చెప్పి స్టేజీ ఆపేశారు. జనం పరిగెత్తారు. ఆ అమ్మాయి, ఇంకో ఇద్దరు బరకం తీసి బోర్డు మీద కప్పుతున్నారు, గాలికి ఒక మూల ఎగిరిపోతోంది. నా ప్రమేయం లేకుండానే చేతులు వెళ్లి ఆ మూల పట్టుకున్నాయి. ఒక నవమినాడు యాంప్లిఫయర్ తడవకుండా దాని మీద నేనే బోర్లా పడుకున్న మనిషిని, పిలవాలా? ఆవిడ నన్ను చూసి ఏదో అంది. వద్దందో, థాంక్స్ అందో. తాడు నా చేతిలో పెట్టింది కాబట్టి థాంక్సే అనుకుని మన ముడి వేశాను, కొబ్బరిచెట్టుకు గొట్టం కట్టే ముడి. లాగితే బిగుస్తుంది, ఒక కొస పీకితే ఊడుతుంది.

వాన ఇరవై నిమిషాలు. తగ్గాక వాళ్లు బరకం తీయబోతే ఆ ముడి దగ్గర ఆగారు. నేను కొస పీకి చూపించాను. అమ్మాయి “మళ్లీ చూపించు” అన్నట్టు వేలు తిప్పింది. మూడుసార్లు వేయించుకుంది. అల్లుడుగారు నన్ను వెతుక్కుంటూ తడిసి ముద్దై వచ్చి చూసేసరికి నేను కంచె లోపల ఉన్నాను. ఆయన మొహంలో రంగులు మారాయి. తర్వాత ఆయనే మా ఇద్దరి మధ్య మాటలు చేరవేశారు. నేనూ సౌండు వాణ్ణేనని తెలిసి నా సెట్టులో ఎన్ని ఛానళ్లని, అంటే ఎన్ని మైకులు తగిలించొచ్చని అడిగింది. “ఆరు, అందులో రెండు పనిచేయవు” అన్నాను. పగలబడి నవ్వి తన బోర్డు చూపించింది. తెర మీద ఒక్కో మైకుకీ ఒక్కో గీత, పాడుతుంటే కొండల్లా లేస్తున్నాయి. ఎక్కడ కూత పెడుతుందో ముందే వెతికి అక్కడ మాత్రం కొంచెం కోసేస్తారట. మేమైతే కూత వచ్చాక మొత్తం తగ్గించేవాళ్లం, పాటతో సహా.

గాలి గురించి అడిగాను. వర్షానికి ముందు సరస్సు మీంచి గాలి జోరుగా వస్తుంటే సన్నటి శబ్దం వచ్చి పోయి వచ్చి పోయి వినపడింది. నా చెవి దోషమేమో అనుకున్నాను. కాదట, గాలికి శబ్దం వంగుతుంది. పగలు నేల వేడికి పైకి వంగిపోతుందట, సాయంత్రం చల్లబడితే కిందికి వంగి దూరం పోతుందట. నవమి రాత్రిళ్లు మన మైకు పక్క ఊరికి వినపడేది, పగలు అదే సెట్టు చెరువు గట్టు దాటేది కాదు. రాత్రి ఊరు సద్దుమణుగుతుంది కాబట్టి అనుకునేవాణ్ణి. సగం నిజమే.

ఇక తిండి. చీజ్ ముద్దలకు పిండి పట్టించి నూనెలో వేయిస్తారు, ఈ విస్కాన్సిన్ రాష్ట్రం వాళ్ల ప్రాణం అది. నాకు పళ్లకు అంటుకుంది. దాని పక్కన ఇంకో కొట్టు, పొడుగు వరస. ఏంటా అని చూస్తే వంకాయ. పొడుగ్గా తరిగి, పొడి పట్టించి వేయించారు. వంకాయ బజ్జీ కోసం అమెరికా వాళ్లు క్యూలో నిలబడ్డారని మా ఆవిడకి ఫోటో పెట్టాను. “ఉప్పు సరిపోయిందా?” అని జవాబు. సరిపోలేదు.

తిన్నాక జనం నెత్తి మీదుగా వెళ్లే తీగ కుర్చీ ఎక్కాం, స్కైగ్లైడర్ అంటారు. కాళ్లు గాల్లో, కింద ఒక్కో వేదికా దాటుతుంటాం. అప్పుడు తెలిసింది ఇక్కడి అసలు తలనొప్పి. ఒక వేదిక పాట ఇంకా చెవిలో ఉండగానే పక్కవాళ్ల డ్రమ్ము దానిమీద పడుతుంది. పైనున్న సన్నటి శబ్దాన్ని తిప్పుకోవచ్చు, అడుగున కొట్టే బేసు ఎటు తిప్పినా నాలుగు పక్కలకీ పోతుంది. ఇంత చేసినా వీళ్లకీ ఇది తీరలేదు. కొంచెం సంతోషించానని ఒప్పుకోవాలి. ఒకే వీధిలో రెండు చవితి పందిళ్లకు ఒకే రాత్రి మైకు పెట్టినవాడికి ఆ బాధ తెలుసు.

చీకటి పడ్డాక పేరున్న జట్టు ఒకటి. వాళ్ల పేరు అల్లుడుగారు రెండుసార్లు చెప్పారు, నాకు నిలవలేదు. అప్పటిదాకా బెంచీల మీద కూర్చున్న జనం ఒక్కసారి బెంచీలెక్కి నిలబడ్డారు. ఇక్కడి ఆచారమట. ఎక్కకపోతే ముందువాడి నడుము తప్ప ఏమీ కనపడదు. అరవై మూడేళ్ల వయసులో అల్లుడి భుజం పట్టుకుని బెంచీ ఎక్కాను. మధ్యాహ్నం ఖాళీ బెంచీల మీద గణగణమన్న సౌండు ఇప్పుడు మెత్తబడింది. మనిషి ఒళ్లు శబ్దాన్ని తాగేస్తుంది. పందిట్లో జనం నిండగానే సౌండు చచ్చిపోయిందని కమిటీ వాళ్లు నామీద పడేది ఇందుకే.

అల్లుడుగారి చేతి గడియారం సౌండు ఎక్కువైందని గుర్రుమంది. తొంభై ఎనిమిది డెసిబెల్స్ చూపిస్తోంది. ఎనభై ఐదు దగ్గర ఎనిమిది గంటలు పరవాలేదు, అక్కణ్ణుంచి మూడు పెరిగినప్పుడల్లా టైము సగమైపోతుంది, నూరు దగ్గర పావుగంటే, అని చెప్పి నారింజ రంగు దూది ముక్కల్లాంటివి రెండు ఇచ్చారు. నాకెందుకండీ, పోయేది పోయిందిగా అన్నాను. “కుడి చెవి ఉందిగా” అన్నారు. పెట్టుకున్నాను. లోకం దుప్పటి కప్పుకున్నట్టైంది గానీ గొంతు ఇంకా స్పష్టంగా వినిపించింది. ముప్పై రెండేళ్ల కింద ఎవరైనా రూపాయికి అమ్మి ఉంటే కొనేవాణ్ణి. కొనేవాణ్ణా? ఏమో, కొనకపోదును.

రాత్రి పదయ్యింది. అలవాటుగా గేటు వైపు చూశాను. మన దగ్గర పదికల్లా జీపొస్తుంది, ఆపమంటారు, ప్రెసిడెంటు గారితో మాట్లాడించమంటారు. ఇక్కడ పదికే అసలు పాటలు మొదలయ్యాయి. దూరంగా హోన్ వంతెన మీద దీపాలు రంగులు మారుతున్నాయి. పదకొండు దాటాక, ఆఖరి పాటలో, పాడేవాడు ఉత్సాహం పట్టలేక మైకు పట్టుకుని స్పీకరు ముందుకు దూకాడు. కుయ్యిమని ఒక్క కూత! జనం చెవులు మూసుకున్నారు. నేను బెంచీ మీద చప్పట్లు కొట్టాను. “ఏమైందండీ?” అన్నారు అల్లుడుగారు కంగారుగా. పందెం గెలిచానని చెప్పాను.

కారెక్కేసరికి పన్నెండున్నర, తణుకులో పగలు పదకొండు. దారిలోనే మా తమ్ముడి కొడుక్కి ఫోను చేశాను.

“వచ్చే ఆదివారం పెళ్లికి బాక్సులు ఎక్కడ పెడుతున్నావురా?”

“ఎప్పట్లాగే బల్ల మీద పెదనాన్నా.”

“బల్ల వద్దు. నాలుగడుగులు పైకెత్తి కట్టు. వెనక రెండు ఇటుకలు పెట్టి మూతి కిందికి వంచు.”

“అక్కడ వానా ఏంటి, సరిగ్గా వినపట్లేదు. పెంచమంటావా?”

“పెంచొద్దురా” అన్నాను. చెవుల్లో ఆ నారింజ ముక్కలు ఇంకా తియ్యలేదని అప్పుడు చూసుకున్నాను. గట్టిగా అరుస్తున్నట్టున్నాను, అల్లుడుగారు నవ్వుతున్నారు.